నగరాల అనుకూలన సామర్థ్యం: కరవు, వరదల దృష్టితో మదింపు

కరవు వచ్చినా, వరద వచ్చినా ఒక నగరం తాగునీరు, మురుగునీటి పారుదల, రాకపోకలు, వైద్యం వంటి సేవలను ఎంతమేరకు నిలుపుకోగలదు, దెబ్బతిన్నాక ఎంత త్వరగా కోలుకోగలదు, ఆ అనుభవంతో తన పద్ధతులను ఎంతవరకు మార్చుకోగలదు అన్నవాటిని కొలిచే ప్రక్రియను అనుకూలన సామర్థ్య మదింపు అంటారు. జలశాస్త్రం, నగర ప్రణాళిక, ప్రజారోగ్యం, ఆర్థికశాస్త్రం, పాలనాశాస్త్రం ఇందులో కలుస్తాయి. విపత్తు గడిచాక రెవెన్యూ సిబ్బంది చేసే నష్టం లెక్కింపు ఇది కాదు. రేపు ఎంత వాన పడుతుందో చెప్పే వాతావరణ సూచన కూడా కాదు. ఎక్కువ వానకూ, అసలు రాని వానకూ నగరం ఎంత సిద్ధంగా ఉందో ముందుగా తేల్చడం దీని పని.

కరవునూ వరదనూ చాలాకాలం వేర్వేరు శాఖలు వేర్వేరుగా చూశాయి. తాగునీటి బోర్డు జలాశయ మట్టాన్ని చూసుకునేది. నాలాల పూడికతీత మున్సిపాలిటీ పని. కొద్ది ఏళ్ల తేడాతో ఒకే నగరం రెండింటికీ గురైన ఉదంతాలు పెరిగాయి. ఒకదాని కోసం చేసిన ఏర్పాటు రెండోదాన్ని తీవ్రం చేయగలదనీ తేలింది. అందువల్ల రెండింటినీ కలిపి మదింపు చేయడం 21వ శతాబ్దంలో ప్రత్యేక అధ్యయన రంగమైంది.

మౌలిక భావనలు

ఈ రంగంలోని పరిభాషకు ప్రధాన ఆధారం వాతావరణ మార్పులపై ఏర్పడిన అంతర్‌ప్రభుత్వ సంఘం, అంటే ఐపీసీసీ నివేదికలు. 2007 నాటి నాలుగో నివేదిక దుర్బలత్వాన్ని మూడు అంశాల ఫలితంగా చూసింది: ముప్పుకు ఎదురుగా ఉండటం, దెబ్బకు లోనయ్యే గుణం, అనుకూలన సామర్థ్యం. 2014 నాటి అయిదో నివేదిక ఈ అమరికను మార్చింది. ముప్పు, దానికి ఎదురుగా ఉండటం, దుర్బలత్వం కలిసినప్పుడు ఏర్పడేదే ప్రమాదం అని నిర్వచించి, సామర్థ్యాన్ని దుర్బలత్వంలో భాగం చేసింది. ఈ రెండు చట్రాల్లో తీసిన అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదు. అయినా చాలా నివేదికల్లో ఆ పోలిక కనిపిస్తుంది.

నాలా ఒడ్డున ఉన్న ఒక బస్తీని తీసుకుంటే, ఒడ్డున ఉండటం ముప్పుకు ఎదురుగా ఉండటమే. ఇళ్లు రేకులవి కావడం, నేలమట్టంలో ఉండటం దెబ్బకు లోనయ్యే గుణం. ముందస్తు హెచ్చరిక చేరడం, చేతిలో కాస్త సొమ్ము ఉండటం, మెరక ప్రాంతంలో బంధువులు ఉండటం, బస్తీ సంఘం బలంగా పనిచేయడం సామర్థ్యం కిందికి వస్తాయి.

తట్టుకోవడానికీ అనుకూలనానికీ కూడా తేడా ఉంది. వేసవిలో ట్యాంకర్లు పంపడం, వరదలో పడవలు దించడం తట్టుకోవడం. పైపుల్లో లీకేజీ తగ్గించడం, వాడిన నీటిని శుద్ధిచేసి పరిశ్రమలకు మళ్లించడం, చెరువు శిఖంలో ఇళ్లకు అనుమతులు ఆపడం అనుకూలనం. మొదటిదాన్ని లెక్కపెట్టడం తేలిక, రెండోదాన్ని కష్టం. అందుకే మదింపు పత్రాల్లో ట్యాంకర్ల సంఖ్యకు చోటు దొరికినంత సులువుగా అనుమతుల తీరుకు దొరకదు.

భావన పరిణామం

అమెరికా భూగోళ శాస్త్రవేత్త గిల్బర్ట్ వైట్ 1940లలో వరదలపై చేసిన పరిశోధన ఈ రంగానికి తొలి పునాది. కరకట్ట కట్టాక దాని వెనుక భూమి భద్రమన్న నమ్మకంతో జనం, ఆస్తులు పెరుగుతాయనీ, కట్ట తెగిన రోజున నష్టం మునుపటికంటే ఎక్కువవుతుందనీ ఆయన చూపించాడు. దీన్ని ‘కరకట్ట ప్రభావం’ అంటారు. 1973లో కెనడా జీవావరణ శాస్త్రవేత్త సి.ఎస్. హోలింగ్ ప్రతిపాదించిన తట్టుకునే శక్తి అన్న భావన తొలుత అడవులు, చేపల సంతతుల వంటి వ్యవస్థల గురించినది. తర్వాతి దశాబ్దాల్లో అది నగరాలకు విస్తరించింది.

2008లో ‘సైన్స్’ పత్రికలో మిల్లీ, ఆయన సహ రచయితలు ప్రచురించిన వ్యాసం ఇంజినీర్ల ఆలోచనను కుదిపింది. గత వర్షపాతం తీరే ఇకముందూ కొనసాగుతుందన్న ఊహ మీద జలాశయాలను, కాలువలను రూపొందించడం ఇక చెల్లదని ఆ వ్యాసం వాదించింది. అదే ఏడాది రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఆసియా నగరాల కోసం మొదలుపెట్టిన కార్యక్రమంలో సూరత్, ఇందౌర్, గోరఖ్‌పూర్ చేరాయి. 2010లో ఐక్యరాజ్యసమితి నగరాల ప్రచారోద్యమం మొదలైంది. 2015లో జపాన్‌లోని సెండాయ్‌లో ఆమోదించిన విపత్తు ప్రమాద తగ్గింపు చట్రం 2030 వరకు అమల్లో ఉంటుంది.

ఇటలీకి చెందిన జలశాస్త్రవేత్త జూలియానో డి బాల్డసారే, ఆయన సహచరులు 2018లో ‘జలాశయ ప్రభావం’ అన్న భావనను వివరించారు. కొత్త జలాశయం నీటి భరోసా పెంచుతుంది. ఆ భరోసాతో వాడకం, జనాభా పెరుగుతాయి. ఆపై వచ్చే కరవు మునుపటికంటే తీవ్రంగా తాకుతుంది. వైట్ కరకట్టల గురించి చెప్పినదానికి ఇది కరవు వైపు జోడు. ఉమ్మడి మదింపునకు సైద్ధాంతిక ఆధారం ఈ రెండు పరిశీలనలే.

కరవును కొలిచే తీరు

కరవును సాధారణంగా నాలుగు విధాలుగా విభజిస్తారు: వాతావరణ కరవు, జలసంబంధ కరవు, వ్యవసాయ కరవు, సామాజిక ఆర్థిక కరవు. వాన లోటును చెప్పే సూచికల్లో 1965లో వెలువడిన పామర్ సూచిక, 1993లో మెక్కీ బృందం రూపొందించిన ప్రామాణిక అవపాత సూచిక విస్తృతంగా వాడుకలో ఉన్నాయి. రెండోది కేవలం వర్షపాతంతోనే లెక్కకట్టేది. దాని విలువ −2 లేదా అంతకంటే దిగువకు పడితే అత్యంత తీవ్రమైన అనావృష్టి.

నగరాలకు ఈ సూచికలు నేరుగా సరిపోవు. హైదరాబాద్‌లో వాన పుష్కలంగా పడినా, పశ్చిమ కనుమల్లో వానలు లేక కృష్ణా జలాశయాలు నిండకపోతే కుళాయిలు ఎండుతాయి. దీనికి తలకిందులుగా, నగరంలో చినుకు పడకపోయినా ఎగువన నిండితే ఇబ్బంది ఉండదు. కాబట్టి నగర కరవు మదింపులో చూసేవి వేరు: నీరు ఎన్ని వనరుల నుంచి వస్తున్నది, అవన్నీ ఒకే నదీ పరీవాహకంలోనివా, జలాశయాల్లో ఎన్ని నెలలకు సరిపడా నిల్వ ఉంది, భూగర్భ జలమట్టం ఏ దిశగా పోతున్నది, సరఫరా చేసిన నీటిలో బిల్లు పడని వాటా ఎంత, శుద్ధిచేసిన మురుగునీటిలో తిరిగి వాడుతున్నది ఎంత, కొరత వేళ ఎవరికి ముందు కోత వేయాలన్నది రాతపూర్వకంగా ఉందా అన్నవి. కేంద్ర పట్టణాభివృద్ధి మంత్రిత్వ శాఖ 2008లో ప్రకటించిన సేవా ప్రమాణాలు తలసరి రోజుకు 135 లీటర్లను, బిల్లు పడని నీటిని 20 శాతానికి పరిమితం చేయడాన్ని లక్ష్యాలుగా పెట్టాయి.

వరదను కొలిచే తీరు

నగర వరదలు నాలుగు దారుల్లో వస్తాయి: నది పొంగడం, కుంభవృష్టికి కాలువలు చాలకపోవడం, చెరువు కట్టలు తెగడం, తీర నగరాల్లో సముద్రపు పోటు. రెండు మూడు దారులు ఒకేసారి కలిస్తే దాన్ని సంయుక్త వరద అంటారు.

ఇంజినీర్లు వాన తీవ్రత, వ్యవధి, పౌనఃపున్యాల మధ్య సంబంధాన్ని చూపే వక్రరేఖలు గీసి వాటి ఆధారంగా కాలువల కొలతలు నిర్ణయిస్తారు. కేంద్ర ప్రజారోగ్య, పర్యావరణ ఇంజినీరింగ్ సంస్థ 2019లో వాననీటి పారుదలపై వెలువరించిన మాన్యువల్ ప్రకారం మహానగరాల ముఖ్య ప్రాంతాల్లో కాలువలు అయిదేళ్లకోసారి వచ్చే స్థాయి వానను మోయగలగాలి. ‘వందేళ్ల వరద’ అన్న మాట జనంలో అపోహకు కారణమవుతుంది. వందేళ్లకు ఒక్కసారే వస్తుందని దాని అర్థం కాదు; ఏ ఏడాదైనా అది వచ్చే అవకాశం ఒక శాతం ఉందని. ఆ లెక్కన 30 ఏళ్ల గృహరుణం తీరేలోగా అలాంటి వరద కనీసం ఒకసారి వచ్చే అవకాశం సుమారు 26 శాతం.

వాన కొలతే సరిగా లేకపోతే తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి. మహానగరంలో ఒక కాలనీ మునిగినప్పుడు పది కిలోమీటర్ల దూరంలో ఎండ కాయడం సాధారణమే. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో విడుదల చేసిన పట్టణ వరదల మార్గదర్శకాలు ప్రతి 4 చదరపు కిలోమీటర్లకు ఒక స్వయంచాలిత వర్షమాపకం ఉండాలని సూచించాయి.

ప్రధాన మదింపు చట్రాలు

ఐక్యరాజ్యసమితి విపత్తు ప్రమాద తగ్గింపు కార్యాలయం రూపొందించిన నగరాల స్కోర్‌కార్డు పది ముఖ్యాంశాలపై నడుస్తుంది. దాని ప్రాథమిక రూపంలో 47 ప్రశ్నలు, విస్తృత రూపంలో 117 సూచికలు ఉన్నాయి. అరప్ సంస్థ, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ కలిసి తెచ్చిన నగర సూచికలో నాలుగు పార్శ్వాలు, 12 లక్ష్యాలు, 52 సూచికలు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 2019లో ఐఎస్‌ఓ 37123 పేరుతో ఒక ప్రమాణాన్ని ప్రకటించింది. ఇవన్నీ అన్ని రకాల విపత్తులకూ ఉద్దేశించినవి. వీటిలో నీరు ఒక అధ్యాయం మాత్రమే.

నీటినే కేంద్రంగా చేసుకున్నవాటిలో నెదర్లాండ్స్‌లో రూపుదిద్దుకున్న సిటీ బ్లూప్రింట్ ముఖ్యమైనది. ఇది నగరానికి సున్న నుంచి పది వరకు మార్కు వేసి, కనీస నీటి సేవలు లేని నగరం మొదలుకొని నీటి విషయంలో వివేకం గల నగరం దాకా అయిదు తరగతుల్లో ఒకదానిలో చేరుస్తుంది. ఆస్ట్రేలియా పరిశోధకులు 34 సూచికలతో రూపొందించిన జలస్పృహ నగర సూచికకు ఆధారం రెబెకా బ్రౌన్ బృందం 2009లో ప్రతిపాదించిన ఆరు దశల క్రమం. నీటి సరఫరా మాత్రమే చూసుకునే దశ నుంచి నగరం మొత్తాన్నీ ఒక పరీవాహకంగా చూసే దశకు ఎదగడాన్ని ఆ క్రమం వర్ణిస్తుంది. అది ఆస్ట్రేలియా నగరాల చరిత్ర నుంచి తీసిన క్రమం. గొలుసుకట్టు చెరువులతో మొదలై, తర్వాత వాటిని పోగొట్టుకున్న దక్కన్ నగరాలకు అది అదే వరుసలో వర్తించదు.

పై చట్రాలు ఎక్కువగా పైపులు, పంపులు, నిధులను లెక్కిస్తాయి. జోయితా గుప్తా బృందం 2010లో ప్రతిపాదించిన ‘అనుకూలన సామర్థ్య చక్రం’ సంస్థల నడతను పరిశీలిస్తుంది. భిన్న పరిష్కారాలకు చోటివ్వడం, నేర్చుకునే గుణం, కింది స్థాయిలో స్వతంత్రంగా కదిలే వీలు, నాయకత్వం, వనరులు, న్యాయమైన పాలన అనే ఆరు పార్శ్వాల కింద ఇందులో 22 ప్రమాణాలున్నాయి. సంస్థకు జ్ఞాపకశక్తి ఉందా, గత విపత్తుపై వేసిన కమిటీ సిఫార్సులు ఏమయ్యాయి వంటి ప్రశ్నలకు చోటున్న పద్ధతి ఇది.

భారత్‌లో 2019లో కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల మంత్రిత్వ శాఖ క్లైమేట్‌స్మార్ట్ సిటీస్ మదింపు చట్రాన్ని ప్రవేశపెట్టింది. రెండో విడతలో 126 నగరాలను అయిదు రంగాల్లో 28 సూచికలతో పరిశీలించారు. నీటి వనరుల నిర్వహణ, బిల్లు పడని నీరు, మురుగునీటి పునర్వినియోగం, నీరు నిలిచే ప్రమాదం వీటిలో ఉన్నాయి.

మదింపు జరిగే క్రమం

పని సాధారణంగా హద్దు గీయడంతో మొదలవుతుంది. కార్పొరేషన్ పరిధి తీసుకోవాలా, పరీవాహకం తీసుకోవాలా అన్నది ఫలితాన్ని చాలావరకు ముందే నిర్ణయిస్తుంది. నీటికి వార్డు హద్దులు తెలియవు. కానీ జనాభా లెక్కలు, ఆస్తిపన్ను వివరాలు, ఆసుపత్రుల సమాచారం అన్నీ వార్డుల వారీగానే దొరుకుతాయి. అందుకని నీటి పటాన్నీ జనం పటాన్నీ భౌగోళిక సమాచార వ్యవస్థలో ఒకదానిపై ఒకటి పరుస్తారు.

తర్వాత వరద పటాలు. నేల ఎత్తుపల్లాలు, నాలాల వెడల్పు, కల్వర్టులు, చెరువుల పూర్తి నీటిమట్టం తీసుకుని కంప్యూటర్ నమూనాలో వానను పోసి చూస్తారు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1971లో తొలిసారి రూపొందించిన వాననీటి నమూనా నేటికీ అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంది. నమూనా ఇచ్చిన పటాన్ని స్థానికుల అనుభవంతో సరిచూడటం తప్పనిసరి. ఏ గల్లీలో నీరు నడుము దాకా వస్తుందో ఉపగ్రహ చిత్రం కంటే ఆ గల్లీలోని కిరాణా కొట్టు యజమాని కచ్చితంగా చెప్పగలడు.

కరవు వైపు నీటి పద్దు వేస్తారు: వచ్చేది, పోయేది, మిగిలేది. చాలా నగరాల్లో ప్రైవేటు బోర్లు, ట్యాంకర్లు ఈ పద్దులోకి రావు. ఆపై ఒత్తిడి పరీక్ష ఉంటుంది. వరుసగా రెండు వానాకాలాలు విఫలమైతే ఏమవుతుంది? జలాశయాలు నిండుకుండలా ఉన్నప్పుడు ఒకే రోజులో 300 మిల్లీమీటర్ల వాన పడితే? ప్రధాన పంపింగ్ కేంద్రానికి మూడు రోజులు కరెంటు పోతే? మార్కులు వేయడం కంటే ఈ పరీక్షలే నగర యంత్రాంగానికి ఎక్కువ ఉపయోగపడతాయని ఈ రంగంలో పనిచేసేవారు భావిస్తారు. మార్కు బలహీనత ఉందని మాత్రమే చెబుతుంది, ఒత్తిడి పరీక్ష అది ఎక్కడుందో చూపిస్తుంది.

చివరి దశ సూచికల సమ్మేళనం. వేర్వేరు ప్రమాణాల్లో ఉన్న అంకెలను ఒకే కొలమానానికి తెచ్చి, తూకాలు వేసి, మొత్తం స్కోరు కడతారు. తూకాలు సమానంగా వేయాలా, నిపుణుల అభిప్రాయంతో వేయాలా, గణాంక పద్ధతితో తీయాలా అన్నది ఇప్పటికీ తేలని వివాదం. తూకాలు మార్చితే నగరాల ర్యాంకులు తారుమారవుతాయి.

ఉదంతం: హైదరాబాద్

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో దాదాపు 15,000 మంది మరణించారని సాధారణంగా చెబుతారు. నిజాం ప్రభుత్వం ఆహ్వానించగా మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1909లో అధ్యయనం చేశారు. పరీవాహకంలోని 788 చెరువుల్లో 221 తెగిపోయాయని లెక్క తేలింది. ఒకటి తెగితే ఆ నీటికి దిగువది తెగి, వరుసగా కట్టలు పోయాయి. ఎగువన నీటిని నిలిపే జలాశయాలు కట్టాలన్న సూచన ఫలితమే మూసీపై 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, మూసీ ఉపనది ఈసీపై 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. ఈ రెండూ వరద నుంచి రక్షణ ఇచ్చాయి, దశాబ్దాలపాటు నగరానికి తాగునీరూ ఇచ్చాయి. తాగునీటి కోసం జలాశయం నిండి ఉండాలి, వరద ఆపాలంటే ఖాళీగా ఉండాలి. ఒకే కట్టపై పెట్టిన ఈ రెండు బాధ్యతల మధ్య పెనుగులాటను ఏ మదింపూ దాటిపోలేదు.

పరీవాహకాన్ని కాపాడేందుకు 1996లో వచ్చిన జీవో 111 ఈ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టింది. జంట జలాశయాలపై నగరం ఆధారం తగ్గిందన్న కారణంతో 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం జీవో 69 ద్వారా షరతులతో ఆ ఆంక్షలను తొలగించింది. కరవు సూచికతో మాత్రమే చూస్తే ఆ వాదనకు ఆధారం కనిపిస్తుంది. వరద సూచికతో చూస్తే అదే పరీవాహకంలో కాంక్రీటు పెరిగితే మూసీలోకి నీరు ఎంత వేగంగా దిగుతుందన్న ప్రశ్న ముందుకొస్తుంది. 2025 సెప్టెంబరు చివర రెండు జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మూసీ ఒడ్డున ఉన్న మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీరు చేరింది.

నగరం లోపలి వరదల కథ వేరు. 2000 ఆగస్టు 24న 24 గంటల్లో 241.5 మిల్లీమీటర్ల వాన పడ్డాక వేసిన కిర్లోస్కర్ కమిటీ నాలాలను వెడల్పు చేయాలని సూచించింది. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు, బేగంపేటలో 19 సెంటీమీటర్ల పైగా వాన కురిసింది. ఆ నెలలోనే పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి పాతబస్తీ కాలనీలు మునిగాయి. వ్యూహాత్మక నాలా అభివృద్ధి కార్యక్రమం 2021లో, చెరువుల ఆక్రమణలపై చర్యల కోసం హైడ్రా సంస్థ 2024లో వచ్చాయి. కమిటీ నివేదిక నుంచి కార్యక్రమం దాకా పట్టిన ఈ దాదాపు రెండు దశాబ్దాలు, నేర్చుకునే గుణాన్ని కొలిచే సూచికలో చేరవలసిన అంకె.

కరవు వైపు హైదరాబాద్ తీరు మెరుగ్గా కనిపిస్తుంది. 1965 నుంచి మంజీర, ఆపై సింగూరు, 2004 నుంచి కృష్ణా, 2015 నుంచి గోదావరి జలాలు చేరాయి. 2016లో సింగూరు, మంజీర ఎండినా నగరం గట్టెక్కింది. అయితే వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి ఎత్తిపోసే ఈ నీరు కరెంటుపైనా, ఇతర ప్రాంతాల వానలపైనా ఆధారపడినది. 2024 వేసవిలో నాగార్జునసాగర్ మట్టం తగ్గడంతో అత్యవసర పంపింగ్ చేయాల్సి వచ్చింది. వనరుల సంఖ్యకు మార్కులిచ్చే చట్రంలో ఈ నగరం పైకి లేస్తుంది, స్థానిక నిల్వకు మార్కులిచ్చే చట్రంలో కిందికి దిగుతుంది.

ఉదంతం: చెన్నై

2015 డిసెంబరు 1, 2 తేదీల్లో తాంబరంలో 24 గంటల్లో 49 సెంటీమీటర్ల వాన పడింది. చెంబరంబాక్కం జలాశయం నుంచి సెకనుకు 29,000 ఘనపుటడుగుల నీరు వదిలారు. అడయార్ నది పొంగి నగరంలో అధిక భాగం మునిగింది. 2018లో శాసనసభ ముందుకొచ్చిన కాగ్ నివేదిక దీన్ని మానవ తప్పిదాల వల్ల కలిగిన విపత్తుగా పేర్కొంది. అది జరిగిన మూడున్నరేళ్లకే, 2019 జూన్‌లో పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ దాదాపు ఎండిపోయాయి. జూలైలో జోలార్‌పేట నుంచి 25 లక్షల లీటర్ల చొప్పున రైళ్లలో నీరు తెచ్చారు.

ఈశాన్య రుతుపవనాల కొద్ది నెలల్లో పడే వానపై ఏడాది నడిచే నగరమిది. జలాశయం ముందే ఖాళీ చేస్తే, ఆపై వాన పడకుంటే వేసవిలో జవాబు చెప్పాల్సింది అధికారే. నిండే దాకా ఆగితే వరదకు బాధ్యుడూ అతనే. 2015నూ 2019నూ విడివిడిగా విశ్లేషించిన నివేదికల్లో ఈ సంకటం కనిపించదు.

చెన్నై చేసిన అనుకూలనాలు తక్కువేమీ కాదు. 2003లో అన్ని భవనాలకూ వాననీటి సేకరణ తప్పనిసరి చేశారు. 2010లో మింజూరు, 2013లో నెమ్మేలి వద్ద రోజుకు పది కోట్ల లీటర్ల చొప్పున సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కేంద్రాలు మొదలయ్యాయి. 1983 ఒప్పందం ప్రకారం నెల్లూరు జిల్లా కండలేరు నుంచి తెలుగుగంగ కాలువ ద్వారా ఏటా 12 టీఎంసీల కృష్ణా నీరు పూండికి చేరాలి. 1996లో తొలిసారి నీరందింది, కానీ చాలా ఏళ్లు పూర్తి వాటా చేరలేదు. ఒప్పంద పత్రంలోని అంకెను తీసుకోవాలా, సరిహద్దు దాటిన అసలు పరిమాణాన్ని తీసుకోవాలా అన్నదాన్నిబట్టి మదింపు మారుతుంది.

ఉదంతం: విజయవాడ, అనంతపురం

2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడలోని సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణా ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. బుడమేరు మళ్లింపు కాలువ నీరు చేరవలసింది కృష్ణలోకే. నది నిండుగా ఉంటే కాలువ నీరు దిగదు. నది వరదకు ఒక పటం, వాగు వరదకు మరో పటం వేసుకుంటే ఇది బయటపడదు. సంయుక్త వరద మదింపు అవసరానికి తెలుగు నేలపై ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం లేదు.

ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురంలో 2022 అక్టోబరులో నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి. ఏళ్ల తరబడి ఎండి ఉన్న వంక జనం కంటికి ఖాళీ స్థలంగా కనబడుతుంది. అక్కడ ఇళ్లు లేస్తాయి. కరవు కాలం వరద నష్టాన్ని పెంచే దారుల్లో ఇదొకటి.

ఇతర దేశాల అనుభవాలు

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో 1974 వరదల తర్వాత కట్టిన వైవెన్‌హో ఆనకట్టకు తాగునీరు, వరద నియంత్రణ రెండూ అప్పగించారు. 2007లో ఆ ప్రాంత జలాశయాలు 20 శాతం లోపుకు పడిపోయాయి. 2011 జనవరిలో అదే ఆనకట్ట నుంచి వదిలిన నీరు నగర వరదకు తోడైంది. నిర్వహణపై విచారణ కమిషన్, ఏళ్ల తరబడి కోర్టు వ్యాజ్యం నడిచాయి.

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ 2018లో తలసరి వాడకాన్ని రోజుకు 50 లీటర్లకు పరిమితం చేసి, నగర వాడకాన్ని 2015తో పోలిస్తే సగానికి పైగా తగ్గించి కుళాయిలు కట్టేసే రోజును తప్పించుకుంది. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో 2011 జూలై 2న రెండు గంటల్లో సుమారు 150 మిల్లీమీటర్లు కురిసిన మరుసటి ఏడాదే కుంభవృష్టి ప్రణాళిక సిద్ధమైంది. సింగపూర్ 2008లో నిర్మించిన మరీనా బ్యారేజీ సముద్రపు పోటును ఆపుతూ, లోతట్టు ప్రాంతాలకు వరద రక్షణ ఇస్తూ, తాగునీటి జలాశయంగానూ పనిచేస్తుంది. చైనాలో వాననీటిని నేలలోకి పీల్చుకునేలా చేసే స్పాంజ్ నగర పనులు భారీగా చేపట్టిన జెంగ్‌జౌలో 2021 జూలై 20న ఒక్క గంటలో 201.9 మిల్లీమీటర్ల వాన పడింది. నీటిని ఇంకించే పార్కులు మామూలు వానలకు ఉద్దేశించినవి. ఆ రోజు ప్రాణాలు పోవడానికి హెచ్చరికలపై చర్య తీసుకోకపోవడం, మెట్రో రైళ్లు ఆపకపోవడం ప్రధాన కారణాలయ్యాయి.

పరిమితులు, విమర్శలు

మొదటి విమర్శ సగటుపై. నగర సగటు 135 లీటర్లు దాటినా, ఒక కాలనీలో రోజూ నీరు, ఒక బస్తీలో నాలుగు రోజులకోసారి నీరు వస్తే స్కోరు ఆ తేడాను దాచేస్తుంది. రెండోది, చాలా చట్రాల్లో నగర పాలక సంస్థ తనకు తానే మార్కులు వేసుకుంటుంది. మూడోది, పత్రంలో ఉన్న ప్రణాళికకూ అమలైన పనికీ సమాన విలువ దక్కడం. వరద స్పందన ప్రణాళిక ఉందా అన్న ప్రశ్నకు అవునని రాసిన నగరంలో, ఆ ప్రణాళిక వార్డు సిబ్బంది చేతికి చేరిందో లేదో అడిగే గడి ఉండదు.

హెచ్చరికగా వాడిన అంకెలు బెడిసికొట్టిన సందర్భమూ ఉంది. 2020 కల్లా ఢిల్లీ, బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ సహా 21 నగరాల్లో భూగర్భ జలం అడుగంటుతుందని నీతి ఆయోగ్ 2018 నివేదిక పేర్కొంది. ఆ అంచనాకు ఆధారం ఏమిటన్నది తర్వాత వివాదమైంది. గడువు దాటినా బోర్లలో నీరుండటంతో జనం అలాంటి హెచ్చరికలను తేలికగా తీసుకునే ప్రమాదం ఏర్పడింది. అయినా ఆ జాబితాలోని బెంగళూరు 2022 సెప్టెంబరులో మునిగి, 2024 మార్చిలో బోర్లు ఎండి విలవిల్లాడింది. గడువు తప్పినంత మాత్రాన దిశ తప్పు కాదు.

స్కోర్లకూ వాస్తవ ఫలితాలకూ ఉన్న సంబంధాన్ని పరీక్షించిన అధ్యయనాలు తక్కువ. హైడీ క్రైబిష్ నేతృత్వంలోని బృందం 2022లో ‘నేచర్’లో ప్రచురించిన పరిశోధన వాటిలో ముఖ్యమైనది. ఒకే ప్రాంతంలో వేర్వేరు కాలాల్లో వచ్చిన రెండేసి విపత్తులను జతచేసి, వరదలూ కరవులూ కలిపి 45 జతలను ఆ బృందం పోల్చింది. మొదటి దెబ్బ తర్వాత చేసిన మార్పులు దుర్బలత్వాన్ని సాధారణంగా తగ్గించాయి. కానీ రెండో విపత్తు మునుపెన్నడూ చూడనంత తీవ్రంగా ఉన్నచోట నష్టాన్ని తగ్గించడం చాలా కష్టమైంది. బార్సిలోనా వరదల జత, మధ్య ఐరోపా వరదల జత మాత్రమే స్పష్టమైన విజయాలుగా నిలిచాయి.

విధానాల్లో వినియోగం

సూరత్‌లో 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన నీటితో నగరంలో అధిక భాగం మునిగాక, దుర్బలత్వ అధ్యయనం ఆధారంగా జలాశయ నిర్వహణనూ నగర యంత్రాంగాన్నీ కలిపే ముందస్తు హెచ్చరిక వ్యవస్థ ఏర్పడింది. మదింపు నేరుగా పనిగా మారిన భారతీయ ఉదాహరణల్లో ఇది ఎక్కువగా ప్రస్తావనకు వస్తుంది. ముంబయి, చెన్నై నగరాలకు ప్రత్యేక వరద సూచన వ్యవస్థలు తర్వాత వచ్చాయి.

నిధుల కేటాయింపులో మాత్రం మదింపులకు ఇంకా పెద్ద పాత్ర లేదు. పదిహేనో ఆర్థిక సంఘం పట్టణ వరదల తగ్గింపునకు 2,500 కోట్ల రూపాయలు సిఫార్సు చేసింది. ముంబయి, చెన్నై, కోల్‌కతాలకు 500 కోట్ల చొప్పున, హైదరాబాద్, బెంగళూరు, అహ్మదాబాద్, పుణెలకు 250 కోట్ల చొప్పున. ఎంపికకు కొలబద్ద జనాభా. కరవు కోసం అదే సంఘం 1,200 కోట్లు సూచించింది. అది నగరాలకు కాదు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా 12 కరవుపీడిత రాష్ట్రాలకు. వరద డబ్బు ఒక పద్దులో నగరాలకూ, కరవు డబ్బు మరో పద్దులో రాష్ట్రాలకూ వెళ్లే ఈ ఏర్పాటులో విజయవాడ, అనంతపురం వంటి నగరాలు మొదటి జాబితాలో లేవు.